తండానుండి దేశపు జట్టునకు: గుగులోతు సౌమ్య ఫుట్‌బాల్ చరిత్రము

ఆటలు చదువునకు తోడగునా, అడ్డమగునా అను ప్రశ్న పాఠశాలలకు క్రొత్తది కాదు. బాలుర విషయమున మనవారు చాలకాలము క్రిందటనే సమాధానము చెప్పుకొనిరి. బాలుడు ఆడినయెడల దేహదార్ఢ్యము కలుగును, అల్లరి తగ్గును అని తృప్తి పడుదురు. బాలికల విషయమున మాత్రము ఆ ప్రశ్న యింకను ప్రశ్నగానే యున్నది. అయిదవ తరగతిలో నున్నంతవరకు ఆడుకొననిత్తురు. ఎనిమిదవ తరగతికి వచ్చుసరికి "ఇక చాలును, ఇంటిపట్టున నుండుము" అందురు. ఆ మాట చెప్పువారు కఠినులు కారు. బిడ్డ మేలు కోరియే చెప్పుదురు. కాని ఆ మాటతో ఏమి ఆగిపోవుచున్నదో తెలిసికొని చెప్పుట మంచిది. కావున ఒక తెలుగు బాలిక ఫుట్‌బాల్ ఆటలో ఎట్లు పైకి వచ్చినదో, ఆమె మార్గమున ఏ మెట్లు కలవో, మన అనంతపురపు మెట్టనేలయందు ఆ మెట్లు ఎక్కుట ఎంతవరకు సాధ్యమో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

మొదట ఆటను గూర్చి కొంచెము తెలియవలెను. ఫుట్‌బాల్ ఆటలో జట్టునకు 11 మంది. ఆటకాలము 90 నిమిషములు. అది 45 నిమిషముల చొప్పున రెండు భాగములు. దేశములనడుమ జరుగు పోటీలకు మైదానము 100 మొదలు 110 మీటర్ల పొడవు, 64 మొదలు 75 మీటర్ల వెడల్పు ఉండవలెను. గోలు కాచువారొకరు. తక్కినవారు వెనుక వరుస, నడిమి వరుస, ముందు వరుస అని మూడు వరుసలుగా నిలుతురు. వెనుకవారు అడ్డుదురు, ముందువారు గోలు వేయుదురు. నడిమివారు చేయు పని మాత్రము చూచువారికి తొందరగా బోధపడదు. వారినే ఇప్పుడు మిడ్‌ఫీల్డర్లు అనుచున్నారు. మన పెద్దల కాలమున ఇంచుమించు ఈ స్థానమువారినే హాఫ్‌బాకులు అనెడివారు.

మన సీమలో చెరువుక్రింద సేద్యము చేయువారికి నీరుగంటి యెవరో చెప్పనక్కరలేదు. ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు వదలవలెనో, ఏ కాలువ ఎక్కడ కట్టవలెనో చూచువాడు అతడే. పంట అతనిది కాదు. అయినను అతడు ఒక్కపూట ఏమరినచో ఒకరి మడి ఎండును, ఇంకొకరి మడి మునుగును. నడిమి వరుస ఆటకత్తె పని సరిగా ఇట్టిదే. వెనుకవారినుండి బంతి తీసికొని, ఎవరికి ఎడము కలదో చూచి, వారి కాలికి అందింపవలెను. బంతి పోయినప్పుడు తానే ముందుగా వెనుకకు పరుగెత్తవలెను. అందుచేతనే ఆట ముగియుసరికి ఆమె సుమారు 10 కిలోమీటర్ల దూరము పరుగెత్తియుండును. నడిమి వరుసలో ప్రక్కగీతల పొడుగున ఆడువారు కొందరు కలరు. వారిని వింగర్లు అందురు. వీరు ఒక క్షణమున నడిమి వరుసవారు, మరుక్షణమున ముందు వరుసవారు. మేము చెప్పబోవు సౌమ్య ఈ స్థానమున ఆడునది. ఆమె పేరు కొన్ని పట్టికలలో నడిమి వరుసయందును, కొన్నిటిలో ముందు వరుసయందును కనబడుటకు ఇదియే కారణము.

స్త్రీలు ఈ ఆట ఆడుట నిన్న మొన్నటి వింత యని కొందరు తలంతురు. అది సరికాదు. ఇంగ్లండు దేశమున ప్రెస్టన్ నగరపు కర్మాగారములో పనిచేయు స్త్రీల జట్టొకటి డిక్, కెర్ లేడీస్ అను పేర ప్రసిద్ధి కెక్కెను. 1920 డిసెంబరు 26 వ తేదీన లివర్‌పూల్ నగరమునందలి గుడిసన్ పార్కులో వారు ఆడిన ఆటను 53,000 మంది చూచిరి. మరు సంవత్సరము 1921 డిసెంబరు 5 వ తేదీన ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘమువారు ఈ ఆట స్త్రీలకు తగినది కాదని నిర్ణయించి, తమ సంఘమునకు చేరిన మైదానములలో స్త్రీలు ఆడకుండ నిషేధించిరి. ఆ నిషేధము సుమారు 50 సంవత్సరములు నిలిచినది. స్త్రీల ప్రపంచకప్పు మొదటిసారి చైనా దేశమున 1991 లో జరిగినది. పురుషుల ప్రపంచకప్పు 1930 లోనే ప్రారంభమైనదని జ్ఞాపకముంచుకొన్నచో, స్త్రీల ఆట వెనుకబడినది బలము లేక కాదు, మైదానము లేక యని తెలియగలదు.

మన దేశమునందు స్త్రీల ఫుట్‌బాల్ సంఘము 1975 లో ఏర్పడి, ఆ యేడే మొదటి జాతీయపోటీ జరిపెను. కొలది సంవత్సరములలోనే మన జట్టు ఆసియా పోటీలలో రెండుమార్లు ద్వితీయ స్థానము సంపాదించెను. అందు కడపటిది 1983 లో. పిమ్మట ఆదరణ తగ్గి, ఆట క్షీణించెను. ఆ చీకటి కాలమున దీపము ఆరకుండ కాపాడినవారిలో ముఖ్యురాలు మణిపూరు వనిత ఓయినం బెంబెం దేవి. ఆమె నడిమి వరుస ఆటకత్తె. 1995 లో, పదునేనేండ్ల ప్రాయమున దేశపు జట్టులో చేరి, ఇరువది సంవత్సరములకు పైగా ఆడెను. ఆమెకు 2017 లో అర్జున పురస్కారమును, 2020 లో పద్మశ్రీయు లభించినవి. మణిపూరునందు తల్లులు తమ కుమార్తెలను మైదానమునకు పంపుటకు వెనుదీయరు. అందుచేతనే చిన్న రాష్ట్రమైనను దేశపు జట్టునకు అంతమందిని ఈయగలిగినది.

ఇక తెలుగునాటి సంగతి. పురుషుల ఫుట్‌బాల్ ఆటలో హైదరాబాదు నగరమునకు గొప్ప పేరు కలదు. 1962 లో జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలలో బంగారు పతకము గెలిచిన భారత జట్టునకు గురువు హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీము. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాము సికిందరాబాదు ప్రాంతమువాడు. అయితే తెలుగు బాలికలకు అట్టి ఖ్యాతి చిరకాలము లభింపలేదు. ఆ కొరత తీర్చినది గుగులోతు సౌమ్య.

సౌమ్య 2001 ఆగష్టు 18 వ తేదీన జన్మించెను. స్వస్థలము నిజామాబాదు జిల్లాలోని కిసాన్‌నగర్ తండా. తలిదండ్రులు వ్యవసాయము చేసికొను లంబాడీలు. మన కదిరి ప్రాంతమున సుగాలీలని పిలువబడు వారును ఈ జాతివారే. బాల్యమున సౌమ్య పరుగుపందెములలో పాల్గొనెడిది. ఆమె వేగమును కనిపెట్టిన నిజామాబాదు ఫుట్‌బాల్ శిక్షకుడొకరు, ఈ కాళ్లు బంతికి పనికివచ్చునని తలంచి, ఆమెను ఈ ఆటకు త్రిప్పిరి. ఇది చిన్న విషయముగా తోచవచ్చును. కాని తండాలో పరుగెత్తు బాలికలు పెక్కుమంది యుందురు. వారిని చూచి గుర్తుపట్టువారు అరుదు. గుర్తుపట్టిన తరువాత ఇంటివారు సమ్మతించుట అంతకన్నను అరుదు. సౌమ్య విషయమున ఈ రెండును ఒక్కచోట కూడినవి.

ఆమె పిన్నవయస్సు జట్లలో దేశమునకు ఆడి, ఇరువది యేండ్ల ప్రాంతమున పెద్దల జట్టులో చేరెను. ఈ మధ్యకాలమున ఆమె ఇల్లు విడిచి శిబిరములలో నుండవలసి వచ్చెను. భాష తెలియని బాలికలతో కలిసి భుజించుట, తెల్లవారక మునుపే లేచుట, చదువును వెంటబెట్టుకొని పోవుట ఇట్టి శిబిరజీవితమున నిత్యకృత్యములు. పత్రికలలో పేరు పడునది ఆట గెలిచిననాడు మాత్రమే. దానికి ముందటి యేండ్లు ఎవరి కంటను పడవు.

2022 వ సంవత్సరము ఆమె జీవితమున చెప్పుకొనదగినది. ఆ వేసవిలో ఆమె ఆడుచుండిన గోకులం కేరళ జట్టు ఇండియన్ ఉమెన్స్ లీగు అను జాతీయపోటీలో విజయము పొందెను. అందుచేత ఆసియాఖండపు క్లబ్బుల పోటీకి ఉజ్బెకిస్థాను దేశమునకు పోవు అర్హత లభించెను. జట్టు తాష్కెంటు నగరమునకు చేరిన సమయముననే, ఆగష్టు మధ్యమున, ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థయైన ఫిఫా భారత ఫుట్‌బాల్ సమాఖ్యను తాత్కాలికముగా బహిష్కరించెను. సమాఖ్య పరిపాలనలో బయటివారి జోక్యము కలిగినదని ఫిఫా ఆరోపణ. అందులో ఆ బాలికల తప్పేమియు లేదు. అయినను వారు మైదానమున అడుగిడకయే తిరిగి రావలసివచ్చెను. ఆ నెల 26 వ తేదీన బహిష్కారము తొలగెను గాని, వారి పోటీ అప్పటికే చేజారెను.

ఇట్టి ఆశాభంగము కలిగినప్పుడు చాలమంది మనస్సు విరుగును. సౌమ్యకు మాత్రము కొలదికాలములోనే మరియొక ద్వారము తెరువబడెను. ఐరోపాఖండమున క్రొయేషియా దేశపు రాజధాని జాగ్రెబు. అచ్చటి డైనమో జాగ్రెబు అను క్లబ్బువారు సౌమ్యను, ఆమెతో కూడ మధ్యప్రదేశమునకు చెందిన జ్యోతి చౌహానును తమ స్త్రీల జట్టులో చేర్చుకొనిరి. అంతకు మునుపు 2020 లో మణిపూరునకు చెందిన బాలాదేవి స్కాట్లండులోని రేంజర్సు క్లబ్బులో చేరి, మన స్త్రీలకు ఐరోపా మార్గము చూపియుండెను. తెలంగాణపు ఎండను ఎరిగిన బిడ్డ మంచుకురియు దేశమున, తెలియని భాషలో కేకలు విని, బంతి అందింపవలసిన స్థితి ఎట్టిదో పాఠకులు ఊహించుకొనగలరు. అయితే ఆటకత్తెకు అందువలన కలిగిన లాభము గొప్పది. బంతి కాలికి తగిలినపిమ్మట ఆలోచించుట మన అలవాటు. ఐరోపావారు బంతి రాకమునుపే ఆలోచన ముగింపవలెనని నేర్పుదురు. నడిమి వరుసవారికి ఇంతకన్న ముఖ్యమైన పాఠము లేదు.

తిరిగి స్వదేశమునకు వచ్చిన తరువాత ఆమె కలకత్తా నగరమునందు 1920 లో స్థాపింపబడిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు జట్టులో చేరెను. 2024-25 ఇండియన్ ఉమెన్స్ లీగులో 8 జట్లు పోటీపడెను. ఒక్కొక్క జట్టు 14 ఆటలు ఆడవలెను. సౌమ్య 9 గోలులు వేసి భారతీయ క్రీడాకారిణులలో అగ్రస్థానము పొందెను. 2025 ఏప్రిల్ నెలలో అంతకుముందటి యేటి విజేతలైన ఒడిషా జట్టుపై ఈస్ట్ బెంగాల్ ఒక్క గోలు తేడాతో గెలిచి లీగు విజేతగా నిలిచెను. ఆ ఒక్క గోలు సౌమ్యదే. ఈస్ట్ బెంగాల్ క్లబ్బునకు స్త్రీల లీగులో ఇదియే ప్రథమ విజయము. తరువాతి నెలలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యవారు ఆమెను 2024-25 సంవత్సరమునకు ఉత్తమ క్రీడాకారిణిగా ప్రకటించిరి. తండా పొలములలో పెరిగిన తెలుగు బాలికకు దేశమునందలి అత్యున్నత ఫుట్‌బాల్ గౌరవము లభించుట మనకందరకు సంతోషకారణము.

ఆ సంవత్సరమే దేశపు జట్టునకు కూడ గొప్ప పరీక్ష వచ్చెను. ఆస్ట్రేలియాలో 2026 మార్చి నెలకు నిర్ణయింపబడిన ఆసియాకప్పు పోటీకి అర్హత పొందుటకై థాయిలండు దేశపు చియాంగ్ మై నగరమున నాలుగు ఆటలు జరిగెను. జూన్ 23 వ తేదీన మంగోలియాపై మన జట్టు 13-0 గోలులతో గెలిచెను. అందు సౌమ్యవి రెండు. పిమ్మట తూర్పు తైమూరుపై 4-0, ఇరాకుపై 5-0. జులై 5 వ తేదీన కడపటి ఆట థాయిలండుతోనే. ఆ జట్టు 2015, 2019 సంవత్సరములలో ప్రపంచకప్పు ఆడిన జట్టు. ప్రపంచపు వరుసలో వారు 46 వ స్థానమున, మనము 70 వ స్థానమున ఉంటిమి. ఆట వారి దేశమున, వారి ప్రేక్షకుల నడుమ.

ఆ దినమున దేశమును గెలిపించినది నడిమి వరుస ఆటకత్తెయే. ఆమె పశ్చిమ బెంగాలులోని కల్యాణి పట్టణమునకు చెందిన సంగీతా బాస్‌ఫోర్. మొదటి భాగమున దూరమునుండి బంతిని కొట్టి ఒక గోలు వేసెను. విశ్రాంతి యనంతరము థాయిలండు సరిసమానము చేసెను. 74 వ నిమిషమున కార్నరునుండి వచ్చిన బంతిని సంగీత తలతో గోలులోనికి పంపెను. 2-1 గోలులతో భారతదేశము గెలిచెను. అర్హతపోటీలలో గెలిచి మన స్త్రీల జట్టు ఆసియాకప్పునకు చేరుట అదియే మొదటిసారి. అంతకుముందు మన జట్టు ఆసియాకప్పునందు తుదివరకు ఆడినది 2003 లో. 2022 లో పోటీ మన దేశముననే జరిగినను, మన క్రీడాకారిణులకు కోవిడు సోకుటచే మొదటి ఆట పిమ్మటనే వైదొలగవలసి వచ్చెను. సంగీత సశస్త్ర సీమాబలమున ఉద్యోగిని. ఈ విషయము తలిదండ్రులు గుర్తింపదగినది. ఆటవలన ఆమెకు పేరే కాదు, జీవనోపాధియు కలిగినది.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి ఆటకత్తె జీవితమున మెట్లు ఎవ్వియో స్పష్టమగుచున్నవి. పది పన్నెండేండ్ల ప్రాయమున ఒకరు చూచి గుర్తింపవలెను. పదమూడు మొదలు పదునారేండ్లవరకు ప్రతిదినము నేర్చుకొనవలెను. తరువాత జిల్లా జట్టు, రాష్ట్రపు జట్టు, పిన్నవయస్సు దేశపు జట్టు, క్లబ్బు, పెద్దల జట్టు. ఈ మెట్లలో రెండవది జారినయెడల పైమెట్లు చేరుట దుర్లభము. కాళ్లకు బంతి అలవడు కాలము అదియే. మన యిండ్లలో బాలికలను ఆట మాన్పించు కాలమును అదియే. కాబట్టి ఆటకత్తె భవిష్యత్తు నిర్ణయమగునది మైదానమున కాదు, ఇంటి గడపయొద్దనని మా యభిప్రాయము.

ఇందలి కష్టములను దాచిపెట్టుట న్యాయము కాదు. ఈ వృత్తిలో ధనము పురుషులకు వచ్చునంత రాదు. స్త్రీల జాతీయ లీగు 2016-17 లో ప్రారంభమైనది. చాల సంవత్సరములు అది ఒకే నగరమున కొలది వారములలో ముగిసెడిది. తక్కిన నెలలలో పోటీలు లేక ఆటకత్తెలు ఇండ్లకు పోవలసియుండెడిది. సొంతయూరను, పరయూరను మార్చి మార్చి ఆడు పద్ధతి 2023-24 లో గాని రాలేదు. నూరుమంది నేర్చుకొన్నయెడల దేశపు జట్టునకు పోవువారు ఒకరో, ఎవరును లేకయో యుందురు. కావున చదువు విడిచి ఆటనే నమ్ముకొమ్మని మేము ఎవరికిని చెప్పము. పదవ తరగతి, ఆపైన ఇంటరు, వీలైనచో డిగ్రీ పూర్తి చేయుచు ఆడవలెను. రైల్వేలు, పోలీసుశాఖ, సరిహద్దు బలములు మొదలగువానిలో క్రీడాకారులకు కొన్ని ఉద్యోగములు ప్రత్యేకింపబడియున్నవి. అవి కూడ చదువుకొన్నవారికే సులభముగ దొరకును.

ఇక మన నేల సంగతి. అనంతపురము జిల్లా దేశమునందలి అతి తక్కువ వర్షపాతముగల ప్రాంతములలో నొకటి. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. వేరుసెనగ ఎండిన యేట తలిదండ్రులు పనులకై బెంగుళూరు పోవుదురు. పెద్దకూతురు ఇంటివద్ద తమ్ములను, చెల్లెండ్రను చూచుకొనును. అట్టి బాలికకు సాయంకాలమున గంటసేపు మైదానము దొరకుట కష్టము. పెండ్లియొత్తిడి కూడ కరవుతోడనే వచ్చును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనుబట్టి, మన రాష్ట్రమున 20 మొదలు 24 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి సుమారు 29 మంది 18 ఏండ్లు నిండకమునుపే వివాహితలైరి. అది చట్టవిరుద్ధమని అందరెరుగుదురు. ఆ 29 మందిలో ఎందరు సౌమ్యలు, ఎందరు సంగీతలు ఉండిరో ఎవరు చెప్పగలరు?

అయినను మన ప్రాంతము ఆటకు ఎడారి కాదు. 1969 లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, జనులు ఆర్‌డీటీ అని పిలుచునది, అనంతపురమున క్రీడాగ్రామము నిర్మించెను. అచ్చట స్పెయిను దేశపు లా లిగా సంస్థ సహాయమున పల్లెటూరి బాలురకును, బాలికలకును ఫుట్‌బాల్ నేర్పించిరి. పల్లె బాలికలు బూట్లు తొడిగికొని ఆడుట చూచి మొదట ఆశ్చర్యపడినవారే పిమ్మట ప్రక్కన నిలిచి చప్పట్లు కొట్టిరి. కరవునేలలో బాలికలకు ఆట నేర్పుట సాధ్యమని ఇది చూపినది.

బాలికల దేహారోగ్యమును గూర్చి తలిదండ్రులకు సందేహములు కలుగుట సహజము. పై సర్వేనుబట్టియే మన రాష్ట్రపు స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత కలదు. రక్తహీనతగల బాలిక నడిమి వరుసలో పది నిమిషములు కూడ పరుగెత్తజాలదు. దీనికి మందు మన వంటయింటనే కొంత యున్నది. రాగిసంగటియు, ఊరిబిండియు, ఆకుకూరపప్పును, బెల్లముతో వేరుసెనగయు ఖరీదైన ఆహారములు కావు. లభించినప్పుడు గ్రుడ్డు చేర్చవలెను. పాఠశాలలో వారమునకొకసారి యిచ్చు ఇనుముమాత్రను పారవేయక మ్రింగవలెను. ఇంట అందరు తిన్నపిమ్మట మిగిలినది బాలిక తినుట అను అలవాటు మాన్పవలెను. ఋతుకాలమున ఆట మానితీరవలెనను నియమము వైద్యశాస్త్రమున లేదు. ఒంట్లో బాగున్నయెడల ఆడవచ్చును, లేనియెడల విశ్రమింపవచ్చును.

మోకాటి నరములు తెగుట బాలికలకు బాలురకన్న రెండు మూడింతలు ఎక్కువ. అందుచేత ఆటకు ముందు దేహమును వేడిచేసికొను అభ్యాసములు తప్పనిసరిగా చేయవలెను. ఫిఫా 11 ప్లస్ అను అభ్యాసక్రమము ఇందుకొరకే కూర్చబడినది. సుమారు 20 నిమిషములు పట్టును. పరికరములేవియు నక్కరలేదు. క్రమముగా చేసిన జట్లలో దెబ్బలు మూడవవంతువరకు తగ్గినట్లు పరిశోధనలు తెలుపుచున్నవి. మన నేల గట్టిది, రాళ్లు మెండు. కావున ఆడుటకు ముందు రాళ్లు ఏరుట, ఎండ తగ్గినపిమ్మట ఆడుట, నీరు దగ్గర నుంచుకొనుట అను మూడు నియమములను బాలికలే పాటింపవచ్చును.

కడపట మా మనవులు కొన్ని కలవు. తలిదండ్రులారా, మీ కుమార్తె ఆడుచున్నయెడల పదవ తరగతి ముగియువరకైనను మాన్పింపకుడు. సాయంకాలము ఆమె చేయవలసిన ఇంటిపనిలో సగము ఆమె అన్నదమ్ములకు పంచుడు. ఒక్క పర్యాయము మైదానమునకు వచ్చి, మీ బిడ్డ ఆడుట చూడుడు. చూచిన తరువాత మాన్పింపవలెనని తోచినచో, అప్పుడు ఉపాధ్యాయులతో మాటలాడుడు. ఉపాధ్యాయులారా, వారమున కొన్ని దినములు మైదానమును బాలికలకే విడువుడు. బాలురు ఆడగా మిగిలిన మూలలో వారిని నిలుపుట ఆట నేర్పుట కాదు. పరుగెత్తు బాలిక కనబడినప్పుడు, నిజామాబాదు శిక్షకునివలె, ఒక నిమిషము నిలిచి చూడుడు.

విద్యార్థినులారా, మీరందరును సౌమ్యలు కానేరరు. అందుకు విచారింపనక్కరలేదు. చియాంగ్ మై నగరమున సంగీత గోలు వేయుటకు ముందు బంతి ఎందరి కాళ్ల మీదుగా వచ్చినదో ఎవరును లెక్కింపలేదు. అయినను వారు లేక ఆ గోలు లేదు. మీలో ఎవతె ఏ వరుసలో నిలుచునో ఆడిననే గాని తెలియదు. బంతి మీ కాలికి వచ్చినప్పుడు తల యెత్తి చూడుడు. ఎడము గల చెలికత్తెకు అందింపుడు. వచ్చు సంవత్సరము ఎనిమిదవ తరగతి బాలికలలో ఆట విడిచినవారి సంఖ్య తగ్గినదని ఈ సంచికయందే వ్రాయు భాగ్యము మాకు కలుగుగాక.